సూక్ష్మజీవికి సొంత ఊరు ఉందా?

కడప జిల్లా లంకమల చిట్టడవిలో బతికే కలివికోడి మన దేశంలో తప్ప మరెక్కడా లేదు. జంతువుకైనా చెట్టుకైనా ఒక ఊరూ వాడా ఉంటాయని, సముద్రమో పర్వతమో అడ్డొస్తే దాని వ్యాప్తి అక్కడితో ఆగిపోతుందని డార్విన్, వాలెస్‌ల కాలం నుంచీ తెలుసు. మరి కంటికి ఆనని బ్యాక్టీరియా సంగతేమిటి? గుప్పెడు నల్లరేగడిలో కోట్ల కొద్దీ ఉండే ఆ జీవులకు కూడా తమదంటూ ఒక చోటు ఉందా, లేక భూమంతా వాటికి ఒకే ఊరా?

ఈ ప్రశ్న మీద నూరేళ్ళకు పైగా వాదం నడుస్తోంది. గత పాతికేళ్ళలో డీఎన్‌ఏ చదివే యంత్రాలు చవకయ్యాయి, సాక్ష్యం గుట్టలుగా పేరుకుంది. అయినా వాదం తెగలేదు, మరింత చిక్కుపడింది. ఇరుపక్షాల దగ్గరా మంచి ఆధారాలే ఉండటంతో ఎవరూ వెనక్కి తగ్గడం లేదు. ఆ చిక్కును పోగు పోగుగా విడదీసి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. తగాదాలో సగం జీవుల గురించి, మిగతా సగం వాటిని కొలిచే బద్ద గురించి.

డెల్ఫ్ట్‌లో పుట్టిన సూత్రం

చిక్కుడు జాతి మొక్కల వేరు బుడిపెల నుంచి నత్రజనిని పట్టే బ్యాక్టీరియాను 1888లో మొదటిసారి వేరుచేసినవాడు డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైయరింక్. డెల్ఫ్ట్‌లో ఆయన అనుసరించిన పద్ధతి చాలా తేలిక. ఏ జీవి కావాలో దానికి నప్పే తిండి మాత్రమే సీసాలో ఉంచి, చిటికెడు మట్టి వేసి, తగిన వెచ్చదనంలో పెట్టడం. ఆ తిండితో బతకలేనివి అణగిపోతాయి, బతకగలిగినది పైకి తేలుతుంది. ఏ తోటలోని మట్టి తెచ్చి వేసినా దాదాపు అదే జీవి రావడం ఆయనను ఆలోచనలో పడేసింది. ఆ జీవి అన్నిచోట్లా ముందే ఉండి ఉండాలని 1913 నాటికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు.

1934లో లైడెన్ ప్రొఫెసర్ లోరెన్స్ బాస్ బెకింగ్ ఆ మాటనే తన భూజీవశాస్త్ర గ్రంథంలో సూత్రంగా మలిచాడు. సూక్ష్మజీవులన్నీ అన్నిచోట్లా ఉంటాయన్నది అందులో మొదటి ముక్క. వాటిలో ఏది పెరగాలో ఆ చోటి పరిస్థితులే ఎంచుకుంటాయన్నది రెండో ముక్క. ఆ తర్వాత యాభై ఏళ్ళ పాటు పాఠ్యపుస్తకాలు మొదటి ముక్కనే ఎక్కువగా పట్టుకున్నాయి. బాస్ బెకింగ్ మనసు మాత్రం రెండో ముక్క మీదే ఉంది. ఆయన ఉప్పునీటి మడుగుల జీవుల మీద పనిచేసినవాడు. నీటిలో ఉప్పు పాలు మారితే అందులో కనబడే జీవులు ఎలా మారిపోతాయో కళ్ళారా చూసినవాడు.

సూత్రానికి పునాది అయిన పద్ధతిలోనే ఒక లోపం ఉంది. సీసాలో పెరగడానికి ఒప్పుకున్న జీవులే అందులో లెక్కకు వస్తాయి. మట్టిలో గానీ నీటిలో గానీ మైక్రోస్కోపు కింద కనబడే కణాల్లో చాలాసార్లు నూటికి ఒకటి కూడా పెంపకానికి లొంగదని 1985లో స్టేలీ, కొనోప్కా అందరి దృష్టికీ తెచ్చారు. ఎక్కడ పడితే అక్కడ, ఏది పెడితే అది తిని త్వరగా పెరిగేవే సీసాలో ముందు లేస్తాయి. దేశదిమ్మరులను మాత్రమే లెక్కపెట్టి, లోకంలో సొంత ఊరున్నవాళ్ళే లేరని తేల్చినట్టయింది ఆ పని. 1977లో కార్ల్ వోస్ రైబోజోము ఆర్‌ఎన్‌ఏ ఆధారంగా ఆర్కియా అనే వేరే వర్గాన్ని గుర్తించాక, అదే అణువు తాలూకు 16ఎస్ జన్యువుతో పెంపకం అవసరం లేకుండానే మట్టిలోని జీవులను పేరుపేరునా గుర్తుపట్టే దారి తెరుచుకుంది. వాదం అసలు రాజుకున్నది అక్కడి నుంచే.

అన్నీ అంతటా ఉన్నాయనేవారి సాక్ష్యం

ఈ పక్షాన గట్టిగా నిలబడినవారు బ్లాండ్ ఫిన్లే, టామ్ ఫెంచెల్. ఇంగ్లండు లేక్ డిస్ట్రిక్టులో ప్రీస్ట్ పాట్ అనే చిన్న కుంట ఉంది. దాని అడుగు బురదలో చదరపు సెంటీమీటరులో పదో వంతు కూడా లేని మేర నుంచి ఫిన్లే బృందం నమూనా తీసింది. పారాఫైసోమోనాస్ అనే ఏకకణ జీవుల ఒంటి మీది ఇసుకపొలుసుల ఆకారాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే గుర్తించుకుంటూ పోయింది. ప్రపంచంలో అప్పటికి తెలిసిన 41 జాతుల్లో 32 ఆ చిటికెడు బురదలోనే దొరికాయి. 1999లో వచ్చిన ఈ ఫలితం తర్వాత, ఒక మిల్లీమీటరు కంటే చిన్న జీవులకు భౌగోళిక హద్దులు దాదాపు ఉండవని 2004లో వారిద్దరూ వాదించారు. చిన్న ఒడలు, లెక్కకు మిక్కిలి సంఖ్య, గాలీ నీరూ ఎటు మోస్తే అటు పోగల తేలికదనం, ఈ మూడూ కలిస్తే దూరం ఒక లెక్కలోది కాదన్నది వారి తర్కం.

ప్రయాణానికి సాక్ష్యం కొరత లేదు. స్పెయిన్ సియెర్రా నెవాడా కొండల మీద పరిశోధకులు పళ్ళేలు పెట్టి, గాలి నుంచి రాలేదాన్ని లెక్కగట్టారు. రోజూ చదరపు మీటరుకు 30 లక్షల నుంచి 8 కోట్లకు పైగా బ్యాక్టీరియా రాలుతోందని 2018లో ప్రచురించారు. అంతకంటే బలమైన ఉదాహరణ ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ సముద్రపు అడుగు. అక్కడి బురద ఏడాది పొడవునా సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. 2009లో కేసీ హ్యూబర్ట్ బృందం ఆ బురదను తెచ్చి 50 డిగ్రీల వేడిలో ఉంచితే, కొద్ది సమయంలోనే వేడినీటి బ్యాక్టీరియా లేచి సల్ఫేటును తినడం మొదలుపెట్టింది. చలి బురదలో ఒక్కనాడూ పెరగలేని జీవి అది. ఎక్కడో భూగర్భపు వేడిలో పుట్టి, గట్టి పెంకు కట్టుకున్న సిద్ధబీజంగా ప్రవాహాల్లో కొట్టుకొచ్చి అక్కడ నిద్రపోతోంది. అలా ఏటా చదరపు మీటరుకు 10 కోట్లకు పైగా సిద్ధబీజాలు వచ్చి చేరుతున్నాయని వారి అంచనా.

ఉప్పుమడుల సాక్ష్యం ఇంకా ఆశ్చర్యం గొలుపుతుంది. ఉప్పు పలుకు కట్టే దశలో ఉన్న చిక్కటి నీటిలో తపాలా బిళ్ళ లాగా పల్చగా, నలుచదరంగా ఉండే ఒక ఆర్కియా బతుకుతుంది. పేరు హలోక్వాడ్రాటమ్. 1980లో వాల్స్‌బీ సినాయి ఎడారి అంచున దాన్ని చూశాడు. దాన్ని పెంచడానికి మరో 24 ఏళ్ళు పట్టింది. స్పెయిన్ మడుల నుంచి ఒకటి, ఆస్ట్రేలియా మడుల నుంచి ఒకటి తెచ్చి జీనోములు, అంటే మొత్తం డీఎన్‌ఏ, పోల్చితే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగం 98.6 శాతం ఒకటేనని 2011లో తేలింది. భూగోళానికి అటొకటి ఇటొకటి ఉన్న రెండు మడుల్లో దాదాపు ఒకే జీవి! దానికి సిద్ధబీజం కట్టే శక్తి కూడా లేదు. ఉప్పు పలుకులో చిక్కుకుని ఎక్కువ కాలం ప్రాణంతో ఉండగలగడమే దాని ప్రయాణ రహస్యమని, వలస పక్షులు మోసి ఉండవచ్చని కొందరు అనుకుంటున్నారు.

దూరం ఆపుతుందనేవారి సాక్ష్యం

ఉప్పుమడుల జీవి అలా ఉంటే, వేడినీటి బుగ్గల జీవి తద్విరుద్ధంగా ఉంది. సల్ఫోలోబస్ అనే ఆర్కియాకు 80 డిగ్రీల వేడి, నిమ్మరసం లాంటి పులుపు కావాలి. ఆ రెండూ కలిసేది అగ్నిపర్వత ప్రాంతాల్లోనే. రేచల్ విటేకర్ బృందం అమెరికాలోని ఎల్లోస్టోన్, లాసెన్, రష్యాలోని కంచట్కా, ఐస్‌లాండ్ బుగ్గల నుంచి 78 స్ట్రెయిన్లు (ఒకే జాతిలోని వేర్వేరు వంశాలు) పోగుచేసి, ఒక్కోదాంట్లో పలు జన్యువులు చదివి 2003లో ఫలితం ప్రకటించింది. ఏ ప్రాంతపు జీవులు ఆ ప్రాంతపు జీవులకే దగ్గరి చుట్టాలు. దూరం పెరిగిన కొద్దీ జన్యు భేదం పెరిగింది. నీటి వేడిలోనో పులుపులోనో ఉన్న తేడాలు ఈ భేదాన్ని వివరించలేదు. చల్లటి నేల, చల్లటి సముద్రం సల్ఫోలోబస్‌కు దాటరాని అగడ్తలు. ప్రతి బుగ్గా దానికి ఒక ద్వీపం.

ఏకకణ జీవుల విషయంలో ఆస్ట్రియాకు చెందిన విల్‌హెల్మ్ ఫోయిస్నర్ ఫిన్లేతో నేరుగా తలపడ్డాడు. అపోడెరా వాస్ అనే కూజా ఆకారపు అమీబాను ఆయన పక్షం తరచూ చూపిస్తుంది. చూసీచూడగానే గుర్తుపట్టగల ఆకారం. దక్షిణార్ధగోళపు నాచు నేలల్లో బాగా దొరుకుతుంది. ఐరోపాలో అదే తరహా నాచు నేలలను ఏళ్ళ తరబడి గాలించినా దొరకలేదు. జాతుల్లో చాలా భాగం అంతటా ఉన్నా, కొంత భాగానికి కచ్చితంగా సొంత ఊరుందన్న మధ్యేమార్గం ఫోయిస్నర్‌ది.

నా దృష్టిలో ఈ పక్షానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం ప్రయోగశాల నుంచి రాలేదు, పొలం నుంచి వచ్చింది. తూర్పు ఆసియా పంట అయిన సోయాచిక్కుడును బ్రెజిల్‌కు తెచ్చి వేసినప్పుడు వేళ్ళకు బుడిపెలు కట్టలేదు. ఆ మొక్కతో కలిసే బ్రాడీరైజోబియం అక్కడి నేలలో లేదు. బయటి నుంచి తెచ్చి విత్తనానికి పట్టించాకే పంట నిలదొక్కుకుంది. ఆదిలాబాదు వైపు రైతులు సోయా గింజలకు బెల్లం నీళ్ళతో రైజోబియం కల్చరు కలిపి, నీడన ఆరబెట్టి విత్తుతారు. నేలలో లేనిదాన్ని గింజతో పాటు పంపించే పనే అది. దక్షిణార్ధగోళంలో నాటిన పైన్ చెట్లు కూడా, వాటి వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రాలున్న మట్టిని తెచ్చి వేసేదాకా గిడసబారిపోయాయి. వేరు బుడిపెల జీవిని లోకానికి చూపిన బైయరింక్ మాటకు ఆ వేరు బుడిపెలే ఎదురు సాక్ష్యం చెప్పడం నాకు ఈ చరిత్రలో మరపురాని ఘట్టం.

కప్పల తెగులు కథ మరింత విషాదకరం. బాట్రకోకైట్రియం అనే శిలీంధ్రం కప్పల చర్మానికి పట్టి ప్రపంచవ్యాప్తంగా 500 ఉభయచర జాతులను దెబ్బతీసిందని, వాటిలో 90 అంతరించాయని 2019 నాటి అంచనా. ఆ శిలీంధ్రపు పుట్టినిల్లు తూర్పు ఆసియా అని, కప్పల వ్యాపారంతో పాటే అది ఖండాలు దాటిందని 2018లో వచ్చిన జీనోము అధ్యయనం చూపింది. అదే అన్ని ఖండాల్లోనూ ముందే ఉండి ఉంటే, కొత్తగా వచ్చి కప్పలను ఊడ్చిపెట్టడం జరిగేదే కాదు.

మధ్యలో నిలబడ్డ నేల

నోవా ఫియరర్, రాబర్ట్ జాక్సన్ 2006లో ఉత్తర, దక్షిణ అమెరికాల నుంచి 98 నేల నమూనాలు తీసి పోల్చారు. రెండు నమూనాల మధ్య ఎన్ని వేల కిలోమీటర్ల దూరం ఉందన్నది బ్యాక్టీరియా సముదాయాలను పెద్దగా మార్చలేదు. మార్చింది మట్టి పులుపు, అంటే పీహెచ్. చప్పటి నేలల్లో బ్యాక్టీరియా వైవిధ్యం ఎక్కువ, పుల్లటి నేలల్లో తక్కువ. చెట్లకూ పురుగులకూ స్వర్గమనిపించే పెరూ అమెజాన్ అడవి నేలే ఆ నమూనాల్లో అన్నిటికంటే పుల్లగా, బ్యాక్టీరియా వైవిధ్యంలో అన్నిటికంటే పేదగా తేలింది.

అదే ఏడాది జెన్నిఫర్ మార్టినీ తదితరులు వాదాన్ని నాలుగు గదులుగా విడగొట్టారు. సూక్ష్మజీవులు అంతటా ఒకేలా ఉంటాయన్నది ఒకటి. చోటును బట్టి మారతాయి గానీ ఆ మార్పుకు పరిస్థితులే కారణమన్నది రెండోది, ఇదే బాస్ బెకింగ్ గది. గత చరిత్ర, దూరం మాత్రమే కారణమన్నది మూడోది. పరిస్థితులు, చరిత్ర రెండూ కారణమేనన్నది నాలుగోది. మొదటి గది నేడు ఖాళీ. నేలల అధ్యయనాలు ఎక్కువగా రెండో గది వైపు, వేడినీటి బుగ్గలవి మూడో గది వైపు మొగ్గుతాయి. కూడికలో నాలుగో గదే నిండుతోంది.

ఆ తర్వాత వచ్చిన భారీ సర్వేలు ఈ పొందికనే పెద్దది చేశాయి. తారా అనే పరిశోధక నౌక సముద్రాల్లో 68 చోట్ల నుంచి తెచ్చిన 243 నమూనాల్లో 4 కోట్ల పైచిలుకు జన్యువులు దొరికాయి. ఎండ సోకే పైపొరల్లో ఏ జీవులుంటాయో ఎక్కువగా నిర్ణయించేది నీటి వెచ్చదనమేనని 2015లో తేలింది. ఆరు ఖండాల్లో 237 చోట్ల నేలలను చదివిన 2018 నాటి అధ్యయనంలో, మొత్తం రకాల్లో 2 శాతమే, అంటే సుమారు 500 రకాలే, నేల బ్యాక్టీరియాలో దాదాపు సగం ఆక్రమించాయి. అంటే కొద్దిమంది సర్వవ్యాపులు నిజంగానే ఉన్నారు. మిగతా 98 శాతం గురించే తగాదా.

కొలబద్ద మీద తగాదా

16ఎస్ జన్యువులో 97 శాతం పోలిక ఉంటే ఒకే రకం కింద లెక్కకట్టడం చాలా ఏళ్ళ ఆనవాయితీ. మొత్తం జీనోములు వచ్చాక 95 శాతం సగటు పోలికను జాతి హద్దుగా పెట్టుకున్నారు. ఈ బద్ద ఎంత మొద్దుదో ఒక ఉదాహరణతో చూడవచ్చు. మనిషికీ చింపాంజీకీ జీనోములో పోల్చదగ్గ భాగాల మధ్య తేడా సుమారు 1.2 శాతం. బ్యాక్టీరియా బద్దతో కొలిస్తే ఇద్దరూ ఒకే జాతి. అప్పుడు ఆ జాతి అన్ని ఖండాల్లోనూ ఉందని రాసుకుంటాం. చింపాంజీ ఆఫ్రికా అడవి దాటలేదన్న నిజం ఆ లెక్కలో మాయమైపోతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. నాలుగు ఖండాల మట్టిలోని సూడోమోనాస్‌ను చో, టీడ్జి 2000లో 16ఎస్‌తో చూస్తే ప్రాంతీయ భేదం కనబడలేదు. అవే స్ట్రెయిన్లను అంతకంటే సూక్ష్మమైన డీఎన్‌ఏ వేలిముద్రతో చూస్తే ప్రతి చోటుకూ దానివే అయిన రకాలు బయటపడ్డాయి. కలరా క్రిమి జాతిగా ఎన్నో దేశాల తీరజలాల్లో ఉంది. కానీ కలరా ఏడో ప్రపంచ మహమ్మారిని నడిపిన వంశం పదేపదే బంగాళాఖాతం నుంచే కనీసం మూడు అలలుగా లోకం మీదికి వెళ్ళిందని 154 జీనోముల ఆధారంగా 2011లో తేలింది. జాతికి ఊరు లేదు, వంశానికి ఉంది.

హైదరాబాదులో జరిగిన ఒక ప్రయోగం ఈ చిక్కును ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 2005 ఏప్రిల్‌లో అక్కడి బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూను, ద్రవ నియాన్‌లో ముంచిన ఉక్కు గొట్టాలను మోసుకెళ్ళి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలిని పట్టుకొచ్చింది. అక్కడి సీసీఎంబీ పరిశోధనశాలలోనూ పుణెలోనూ పెంచి చూస్తే 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాల కాలనీలు వచ్చాయి. అంత ఎత్తులో కణాలు అత్యల్పం కనుక కలుషితమయ్యాయేమోనన్న అనుమానం ఇలాంటి ప్రతి ప్రయోగానికీ ఉంటుంది. అలా జరగకుండా జాగ్రత్తలన్నీ తీసుకున్నామని ఇస్రో 2009లో చెప్పింది. మూడు బ్యాక్టీరియాలను కొత్త జాతులుగా ఎస్. శివాజీ బృందం వర్ణించింది. వాటిలో ఒకటి బాసిల్లస్ ఆర్యభట్టై.

ఆకాశం నుంచి దిగిన ఆ జీవి తర్వాతి ఏళ్ళలో పలు దేశాల్లో మొక్కల వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిలో దొరుకుతూ వచ్చింది. 2019లో ఒక బృందం జీనోములు పోల్చి, ఇది 1884లో డీ బారీ వర్ణించిన బాసిల్లస్ మెగటేరియమేనని, వేరే పేరు అక్కర్లేదని వాదించింది. 2020లో మరో బృందం రెండింటినీ ప్రీస్టియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చి, ఆర్యభట్టైని విడిగానే ఉంచింది. రెండూ వేరనుకుంటే దాని చిరునామా ఒకటి, ఒకటే అనుకుంటే ఇంకొకటి. జీవి మారలేదు, గీత ఎక్కడ గీశామన్నదే మారింది.

ఇంకా తేలనివి

లేదు అనడం, కనబడలేదు అనడం ఒకటి కాదు. ఇంగ్లిష్ ఛానల్ నుంచి తీసిన ఒకే ఒక నమూనాను విపరీతమైన లోతున చదివితే, ప్రపంచ సముద్రాల్లోని ఇతర నమూనాల్లో కనబడిన రకాల్లో సుమారు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా అందులోనే దొరికాయని 2013లో గిబ్బన్స్ తదితరులు చూపారు. అరుదైనవి విత్తనాల్లా అడుగున ఉంటాయి. ఎంత లోతుకు తవ్వి లేదనాలో ఎవరూ నిర్ణయించలేదు.

ఉంది అనడంలోనూ చిక్కుంది. మట్టిలో దొరికే డీఎన్‌ఏలో సగటున 40 శాతం చచ్చిన కణాలదని 2016లో కారినీ బృందం తేల్చింది. వచ్చి చచ్చినదాన్ని, వచ్చి నిద్రపోతున్నదాన్ని, వచ్చి బతుకుతున్నదాన్ని విడగొట్టి లెక్కకట్టిన సర్వేలు నేటికీ తక్కువే.

మొత్తం ఎన్ని రకాలున్నాయన్న దగ్గర విభేదం మరీ పెద్దది. 2016లో లోసీ, లెనన్ లక్ష కోట్ల జాతుల దాకా ఉండవచ్చన్నారు. 2019లో లూకా బృందం బ్యాక్టీరియా, ఆర్కియా కలిపి 8 నుంచి 16 లక్షల రకాలేనంది. స్థానిక జీవులు ఎక్కువగా ఉంటేనే మొదటి అంకె సాధ్యం. ఒకవైపు మొగ్గడానికి నేటి సాక్ష్యం చాలదు.

ఎవరి సొత్తు?

ఈ వాదం ఆస్తి హక్కుల దాకా పోతుంది. డీఎన్‌ఏకు నకళ్ళు తీసి పెంచే పీసీఆర్ పరీక్షకు ప్రాణమైన టాక్ ఎంజైము ఎల్లోస్టోన్ పార్కులోని ఒక బుగ్గలో దొరికిన థర్మస్ అక్వాటికస్ స్ట్రెయిన్‌ది. పీసీఆర్ హక్కులు 1991లో 30 కోట్ల డాలర్లకు చేతులు మారాయి, పార్కుకు వాటా రాలేదు. 1969లో బ్రాక్, ఫ్రీజ్ ఆ బ్యాక్టీరియాను వర్ణించిన తొలి వ్యాసంలోనే, బుగ్గలకు దూరంగా ఇళ్ళ వేడినీటి కుళాయిల్లోనూ అది దొరికిందని రాశారు. అన్నీ అంతటా ఉన్నాయనే సూత్రం నిజమైతే ఏ దేశమూ ఏ సూక్ష్మజీవి మీదా హక్కు అడగలేదు. స్ట్రెయిన్ల స్థాయిలో ఊరు ఉంటే అడగవచ్చు. మన 2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులను జీవవనరుల్లో చేర్చింది. హైదరాబాదులో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు జరిగిన 2012 అక్టోబరులోనే మన దేశం జీవవనరుల లాభాల్లో వాటా గురించిన నగోయా ఒప్పందాన్ని ధ్రువపరిచింది. ఆ చట్టం కింద వాటా అడగాలంటే, ఆ జీవి ఫలానా చోటిదని చూపగలగాలి.

పెద్ద వర్గాల స్థాయిలో బాస్ బెకింగ్‌దే పైచేయి అని, స్ట్రెయిన్ల స్థాయిలో విటేకర్ పక్షానిదే నిజమని నేటి సాక్ష్యం చెబుతోందని నేననుకుంటాను. పంటకు బుడిపె కట్టేదీ, కప్పను చంపేదీ, కలరా తెచ్చేదీ స్ట్రెయినే కాబట్టి, ఎక్కడైనా దొరుకుతుందిలే అన్న భరోసాతో ఏ చెరువునూ ఏ చౌడు నేలనూ ఏ ఉప్పుమడినీ వదులుకోవడం తప్పు. మన విశ్వవిద్యాలయాల్లో మట్టీ నీరూ సేకరించే విద్యార్థులకు ఒక విన్నపం. సీసా మీద ఊరి పేరు, అక్షాంశ రేఖాంశాలు, లోతు, తేదీ, పీహెచ్ రాయండి. పెంచిన స్ట్రెయిన్‌ను చండీగఢ్‌లోనో పుణెలోనో ఉన్న జాతీయ భాండారాల్లో దాచిపెట్టించండి. ఊరు రాయని నమూనా ఈ వాదంలో ఏ పక్షానికీ సాక్ష్యం కాలేదు.